రోక్‌బీకి వెళ్తున్నారా? రహస్య గది కోసం వెతక్కండి

అక్టోబరు వచ్చిందంటే బోస్టన్, న్యూజెర్సీ వైపు ఉండే మనవాళ్ళ కార్లు చాలా వరకు వెర్మాంట్ దారి పడతాయి. ఎర్రబడ్డ ఆకులు, ఒక మేపుల్ సిరప్ సీసా, కొండ మీద గ్రూప్ ఫోటో, తిరుగు ప్రయాణం. మూడేళ్ళ పాటు నేనూ అంతే చేశాను. నాలుగో ఏడు మా మామయ్య పాలమూరు నుంచి వచ్చారు. రెండో రోజుకే ఆయనకు విసుగొచ్చింది. "బిడ్డా, ఎంతసేపూ చెట్లేనా? ఈడ ఎవుసం ఎట్ల చేసేటోళ్ళో సూపియ్యవా?" అన్నారు. వెతికితే దొరికింది ఫెరిస్‌బర్గ్‌లోని రోక్‌బీ. రాబిన్సన్ అనే క్వేకర్ కుటుంబం 1793 నుంచి 1961 దాకా నాలుగు తరాలు బతికిన పొలం అది. ఇల్లు, కొట్టాలు, సామాను, వేల ఉత్తరాలు అక్కడే మిగిలాయి. దక్షిణాది బానిసత్వం నుంచి తప్పించుకొచ్చినవాళ్ళకు ఆ కుటుంబం చోటిచ్చింది. ఆ పొలం ఇప్పుడు మ్యూజియం. 1997లో దానికి అమెరికా జాతీయ చారిత్రక స్థలంగా గుర్తింపు వచ్చింది.

రెండుసార్లు వెళ్ళాక తెలిసింది ఏమిటంటే, ఏం చూడాలో తెలియకుండా వెళ్తే అది ఒక పాత ఇల్లు, నాలుగు చెక్క కొట్టాలు, అంతే. నలభై నిమిషాల్లో బయటపడతారు. కాస్త తెలుసుకుని వెళ్తే మూడు గంటలు కూడా చాలవు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు క్వేకర్లెవరో తెలుసుకోండి

దీనికి ఇంటి దగ్గరే ఒక పావుగంట పెట్టండి. మనకు క్వేకర్ అనగానే గుర్తొచ్చేది ఓట్స్ డబ్బా మీద టోపీ పెట్టుకున్న పెద్దాయన. ఆ కంపెనీకీ ఈ మతశాఖకూ సంబంధం లేదు, పేరు మాత్రమే వాడుకున్నారు. ఇంకో పొరపాటు, వీళ్ళని ఆమిష్‌లనుకోవడం. పెన్సిల్వేనియాలో గుర్రపు బగ్గీల మీద తిరిగేవాళ్ళు ఆమిష్‌లు. క్వేకర్ల మూలం 1650ల ఇంగ్లండ్‌లో, జార్జ్ ఫాక్స్ అనే ఆయన బోధనలో ఉంది. ప్రతి మనిషిలోనూ దేవుడి వెలుగు ఉంటుందన్నది వాళ్ళ నమ్మకం. కాబట్టి మధ్యలో పూజారి అక్కర్లేదు. ప్రార్థనంటే అందరూ మౌనంగా కూర్చోవడమే. ఎవరికైనా లోపలి నుంచి మాట వస్తే లేచి చెబుతారు, ఆడవాళ్ళయినా సరే.

ఈ నమ్మకం వాళ్ళ భాషలోకీ వచ్చింది. ఇది తెలుగువాళ్ళకు చెప్పినంత సులువుగా ఇప్పటి ఇంగ్లిష్‌వాళ్ళకు చెప్పలేం. ఎందుకంటే మనకు ఇంకా నువ్వు, మీరు తేడా ఉంది. ఆ రోజుల్లో ఇంగ్లిష్‌లోనూ ఉండేది. పెద్దవాళ్ళని, అధికారుల్ని "యూ" అనాలి, చిన్నవాళ్ళని, పనివాళ్ళని "దౌ", "దీ" అనొచ్చు. క్వేకర్లు ఆ మర్యాద మాట మానేసి జడ్జినీ జీతగాణ్ణీ ఒకేలా "దీ" అన్నారు. అంటే ఊళ్ళో తహసీల్దారుని పట్టుకుని "నువ్వు" అన్నట్టు. పెద్దవాళ్ళ ముందు టోపీ కూడా తీయలేదు. మొదటి రోజుల్లో వాళ్ళలో కొందరు దీనికి జైలుకు కూడా వెళ్ళారు. రెండు వందల ఏళ్ళు గడిచేసరికి ఆ "దీ" తిరుగుబాటు మాటగా మిగల్లేదు, ఇంట్లోవాళ్ళ మధ్య ఆప్యాయమైన పిలుపైపోయింది. రాబిన్సన్ల ఉత్తరాల్లో మీకు కనిపించేది అదే.

నెలల పేర్లు కూడా అంతే. జనవరి, మార్చి లాంటివి రోమన్ దేవుళ్ళ పేర్లు కదా, అవి మాకెందుకని ఒకటో నెల, మూడో నెల అని అంకెలతో రాసేవాళ్ళు. ఆదివారం వాళ్ళకు "మొదటి రోజు". అద్దాల వెనక ఉన్న ఉత్తరం పైన తేదీ వింతగా కనిపిస్తే కంగారు పడకండి, అది ఇదే.

బానిసత్వం విషయంలో క్వేకర్లు పుట్టుకతో మహాత్ములేం కాదు. వాళ్ళలోనూ బానిసల్ని ఉంచుకున్నవాళ్ళున్నారు. 1688లో ఫిలడెల్ఫియా దగ్గర జర్మన్‌టౌన్‌లో కొందరు ఇది తప్పని కాగితం రాసి ఇస్తే, పెద్దలు దాన్ని పక్కన పెట్టేశారు. బానిసల్ని ఉంచుకునేవాళ్ళు మా సంఘంలో ఉండడానికి వీల్లేదని ఫిలడెల్ఫియా క్వేకర్లు తేల్చడానికి 1776 దాకా పట్టింది. రాబిన్సన్లు వెర్మాంట్‌కు వచ్చింది కూడా ఎక్కణ్ణుంచనుకున్నారు? రోడ్ ఐలండ్‌లోని న్యూపోర్ట్ నుంచి. అమెరికా బానిస వ్యాపార ఓడలకు అది పెద్ద రేవు. ఈ సంగతి మనసులో పెట్టుకుని లోపలికి వెళ్తే గోడల మీది మాటలు ఇంకోలా వినిపిస్తాయి.

తేదీ చూసుకోండి, తర్వాతే బండి తీయండి

ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నది. మొదటిసారి నవంబరులో వెళ్ళాం. ఏడాది పొడవునా తెరిచి ఉంటుందని నాకు నేనే అనుకున్నాను. మూసిన తలుపులు చూసి, చలిలో కారులో పులిహోర తిని వెనక్కి వచ్చాం. మామయ్య ఏమీ అనలేదు, అదే ఇంకా బాధ. ఆ చుట్టుపక్కల చారిత్రక గృహాలు చాలా వరకు మే మధ్య నుంచి అక్టోబరు దాకానే నడుస్తాయి, రోక్‌బీ కూడా అంతే. వారంలో ఏ రోజులు, ఇంటి లోపలి టూర్ ఎన్నింటికి అన్నది ఏడాదికేడాది మారుతుంది. బయల్దేరే వారం ముందు వాళ్ళ వెబ్‌సైట్ చూసి టూర్ సమయం ఖాయం చేసుకోండి. ఇల్లు గైడుతోనే చూడాలి, మనంతట మనం తిరగడం కుదరదు.

ఆకులూ చూడాలి, ఇదీ చూడాలి అంటే అక్టోబరు మొదటి పది రోజులు పెట్టుకోండి. ఛాంప్లేన్ సరస్సు పక్కనున్న ఈ లోయలో రంగులు కొండల మీదకంటే కొంచెం ఆలస్యంగా వస్తాయి. జనం వద్దు, గైడుతో తీరిగ్గా మాట్లాడాలి అనుకుంటే జూన్ మంచిది.

బోస్టన్ నుంచి కారులో నాలుగు గంటల లోపే. బర్లింగ్టన్ నుంచి రూట్ 7 పట్టుకుని దక్షిణంగా వస్తే అరగంట, ముప్పావుగంట. పొలం ఆ రోడ్డు పక్కనే ఉంటుంది. కారు లేనివాళ్ళకు న్యూయార్క్ నుంచి ఈథన్ అలెన్ ఎక్స్‌ప్రెస్ ఉంది. 2022 జూలై నుంచి అది బర్లింగ్టన్ దాకా వెళ్తోంది, దారిలో ఫెరిస్‌బర్గ్–వర్జెన్స్ స్టేషన్‌లో ఆగుతుంది. రోజుకు ఒక్కటే బండి, ప్రయాణం ఏడు గంటలకు పైనే. కాబట్టి రాత్రి బస తప్పదు. స్టేషన్ నుంచి పొలానికి టాక్సీ ముందే మాట్లాడి పెట్టుకోండి, అది ఆటో స్టాండు ఉండే ఊరు కాదు.

ఏం వేసుకోవాలి, ఏం పట్టుకెళ్ళాలి

గడ్డిలో నడవాలి కాబట్టి బూట్లు, పొడుగు ప్యాంటు, మేజోళ్ళు. చీర కట్టుకునే పెద్దవాళ్ళుంటే కోసిన దారి దాటవద్దని చెప్పండి. ఇది సోకు కోసం చెప్పే మాట కాదు. వెర్మాంట్‌లో జింక పిడుదులు ఎక్కువ, వాటివల్ల లైమ్ జబ్బు వస్తుంది. ప్యాంటు అంచులు మేజోళ్ళలోకి దోపుకోండి. రాత్రి స్నానం చేసేటప్పుడు మోకాళ్ళ వెనక, చంకల్లో, పిల్లలకైతే చెవుల వెనక, జుట్టులో చూడండి.

తిండి మనదే పట్టుకెళ్ళడం మేలు. బయట కూర్చుని తినేసి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళండి. పాత బట్టలు, కాగితాలున్న చోట నూనె వేళ్ళు పనికిరావు. కాఫీ, శాండ్‌విచ్ చాలనుకుంటే పక్కనే వర్జెన్స్ ఉంది. చిన్న ఊరే, పేరుకి మాత్రం 1788 నుంచీ సిటీ!

మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు మీతో వస్తుంటే ముందే ఫోన్ చేసి చెప్పండి. ఎగ్జిబిషన్ ఉన్న భవనం కొత్తది, ఇబ్బంది ఉండదు. ఇల్లు మాత్రం రెండు వందల ఏళ్ళ నాటిది, మెట్లు ఆ కాలపు మెట్లే.

మొదట ఎగ్జిబిషన్, తర్వాతే ఇల్లు

చాలామంది కారు దిగగానే ఇంటివైపు నడుస్తారు. ఆగండి. 2013లో కట్టిన సందర్శకుల కేంద్రంలో అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్ గురించి ఒక ప్రదర్శన ఉంది, అది ముందు చూడండి. గంట పెట్టుకోండి. బానిసత్వం నుంచి తప్పించుకొచ్చిన ఇద్దరు మనుషులు అక్కడ మీకు పరిచయమవుతారు: సైమన్, జెస్సీ. వాళ్ళు తెలియకుండా ఇంట్లోకి వెళ్తే మీ కళ్ళు కుర్చీలు, పింగాణీ గిన్నెల మీదే ఉంటాయి.

అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్ అంటే భూమి కిందా కాదు, రైలూ కాదు. దక్షిణాది రాష్ట్రాల బానిసత్వం నుంచి పారిపోయి వచ్చినవాళ్ళకు చేతికి చేయి అందించిన మనుషుల వరస అది. దీని చుట్టూ అమెరికాలో బోలెడు కథలున్నాయి. ప్రతి పాత ఇంటికీ ఒక సొరంగం, ఒక దొంగ గోడ, అర్ధరాత్రి లాంతరు. రోక్‌బీ ఇంటికీ మేడ మీద దాచే గది ఉండేదని చాలాకాలం చెప్పుకున్నారు. ఉత్తరాలు చదివితే వేరే సంగతి తెలుస్తుంది.

1837లో ఆలివర్ జాన్సన్ అనే బానిసత్వ వ్యతిరేక కార్యకర్త పశ్చిమ పెన్సిల్వేనియా నుంచి అప్పటి రోక్‌బీ యజమాని రోలండ్ టి. రాబిన్సన్‌కు ఒక ఉత్తరం రాశాడు. మేరీలాండ్ నుంచి తప్పించుకొచ్చిన సైమన్ అనే యువకుడి గురించి. దాదాపు ఉద్యోగానికి సిఫారసు ఉత్తరంలా ఉంటుంది అది: మంచివాడు, ఒళ్ళు గట్టిది, పొలం పని తెలుసు, గుర్రాల సంగతి తెలుసు. ఇక్కడ ఉంటే యజమాని మనుషులకు దొరికే ప్రమాదం ఉంది, కెనడా వెళ్ళాలనుకుంటున్నాడు, కానీ భద్రంగా ఉండగలిగితే ఈ దేశంలోనే ఉండిపోవాలని అతని కోరిక, మీ దగ్గరైతే ఫర్వాలేదు అని. అర్ధరాత్రి లాంతరు మాటే లేదు. పనివాడు కావలసిన రైతుకు పని కావలసిన మనిషిని కలుపుతున్నారు.

జెస్సీ కథ ఇంకా వింతగా ఉంటుంది. అతను నార్త్ కరోలినా నుంచి వచ్చి రాబిన్సన్ల పొలంలో పనిచేశాడు. తన స్వేచ్ఛను తానే కొనుక్కోవాలని 150 డాలర్లు కూడబెట్టాడు. అప్పుడు రోలండ్ రాబిన్సన్ ఏం చేశాడంటే, 1837లో నేరుగా జెస్సీ యజమానికే ఉత్తరం రాశాడు: ఎంతకిస్తారు అని. అవతలి మనిషి పేరు ఎఫ్రాయిమ్ ఎలియట్. అతను జవాబు రాశాడు, 300 డాలర్లు కావాలన్నాడు. సంతలో ఎద్దు బేరంలా ఒక మనిషి గురించి బేరం, అదీ తప్పించుకుపోయిన మనిషి గురించి, చక్కటి దస్తూరీతో, మర్యాదైన వాక్యాలతో! ఆ కాగితం ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. దాచిపెట్టేవాడైతే యజమానికే ఉత్తరం రాస్తాడా? వెర్మాంట్ అంత ఉత్తరాన ఉంది, పట్టుకుపోవడానికి మనుషుల్ని పంపితే అయ్యే ఖర్చు లాభానికి మించిపోతుంది. అందుకే అక్కడ గదిలో నక్కాల్సిన పని లేదు. పగటిపూట, అందరికీ కనిపించేలా పొలంలో పనిచేశారు. 1850లో పారిపోయినవాళ్ళను పట్టివ్వాలనే చట్టం కఠినమయ్యాక దేశమంతటా పరిస్థితి మారింది. కానీ ఈ ఉత్తరాలు 1830ల నాటివి.

కాబట్టి గైడుని "రహస్య గది ఎక్కడ?" అని అడక్కండి. ఆ ప్రశ్న వాళ్ళు రోజూ వింటారు. "పనికి జీతం ఎలా ఇచ్చేవాళ్ళు? ఎక్కడ పడుకునేవాళ్ళు? భోజనం ఎవరితో కలిసి చేసేవాళ్ళు?" అని అడగండి. ఈ మూడూ మా మామయ్య అడిగినవి. పొలం చేసిన మనిషికి ముందు తట్టేవి అవే.

ఇంట్లో ఏం గమనించాలి

ఇంటి వెనక భాగం 1780ల నాటి చిన్న ఇల్లు. ముందు కనిపించే పెద్ద భాగం 1814 నాటికి కట్టింది. వెనక్కి వెళ్ళేకొద్దీ కప్పు కిందికి వస్తుంది. గోడ ఎక్కడ మారిందో చూడండి. ఆ తేడాలోనే డబ్బు ఎప్పుడు వచ్చిందో తెలుస్తుంది. ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో కాసేపట్లో చెబుతాను.

మ్యూజియం కోసం తెచ్చి సర్దిన సామాను కాదది, ఒకే ఇంటివాళ్ళు పోగేసుకున్నది. అందువల్ల తరాలన్నీ కలగలిసి ఉంటాయి, మన పాత ఇళ్ళలో ఇత్తడి గంగాళం పక్కన రేడియో ఉన్నట్టు. ఏది ఎవరిదో తెలియడానికి నాలుగు జంటల్ని గుర్తుపెట్టుకోండి చాలు.

మొదటివాళ్ళు థామస్, జెమైమా. న్యూపోర్ట్ నుంచి వచ్చి పొలం కొన్నది వీళ్ళే.

రెండో జంట రోలండ్ టి., రేచల్. సైమన్‌కి, జెస్సీకి చోటిచ్చింది వీళ్ళే. 1834లో వెర్మాంట్ బానిసత్వ వ్యతిరేక సంఘాన్ని స్థాపించినవాళ్ళలో రోలండ్ ఒకడు. బానిసత్వం నుంచి తప్పించుకుని గొప్ప వక్తగా పేరు తెచ్చుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 1843లో వెర్మాంట్‌లో ఉపన్యాసాలకు వచ్చినప్పుడు మిడిల్‌బరీలో కాలేజీ కుర్రాళ్ళు ఆయన జైలు నుంచి పారిపోయిన ఖైదీ అని పోస్టర్లు అంటించారు. ఫెరిస్‌బర్గ్‌లో మాత్రం పరిస్థితి మెరుగని, దానికి ముందే నేల సిద్ధం చేసినవాళ్ళలో రోలండ్ టి. రాబిన్సన్ ఉన్నాడని డగ్లస్ తన ఆత్మకథలో పేరు పెట్టి రాశాడు. రెండు ఊళ్ళ మధ్య దూరం కారులో అరగంట.

రేచల్ గురించి ఎక్కువ అడగండి, ఎందుకంటే భర్త పేరే ముందు వినిపిస్తుంది. బానిసలు పండించిన పత్తి బట్ట, బానిసలు చేసిన చక్కెర ఇంట్లోకి రాకూడదని ఆమె పట్టు. స్వేచ్ఛగా పనిచేసే మనుషుల చేతి సరుకే కొనాలనే ఉద్యమం అప్పట్లో ఉండేది. ఆ సరుకు దొరకడం కష్టం, ధర ఎక్కువ, నాణ్యత అంతంతమాత్రం. విదేశీ బట్ట మానేసి గరుకు ఖద్దరు కట్టుకున్న మన తాతమ్మల కథలు విన్నవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. చక్కెర సంగతి చెప్పాలంటే, 1790ల్లోనే ఫిలడెల్ఫియా డాక్టర్ బెంజమిన్ రష్ లాంటివాళ్ళు చెరకు చక్కెరకు బదులు మేపుల్ చక్కెర వాడితే బానిసత్వానికి దెబ్బ తగులుతుందని వాదించారు. మీరు కొన్న సిరప్ సీసాకి ఆ చరిత్ర కూడా ఉంది మరి.

మూడో జంట రోలండ్ ఇవాన్స్, ఆనా. ఇద్దరూ బొమ్మలు వేసేవాళ్ళు. ఆయన పల్లె యాసలో కథలు రాసి పేరు తెచ్చుకున్నాడు. చివరి ఏళ్ళలో చూపు పోయింది. వరసగా గాట్లు పెట్టిన పలక మీద కాగితం పెట్టుకుని, ఆ గాట్ల ఆసరాతో పెన్సిల్ నడిపి రాసేవాడు, ఆనా దాన్ని సాపు చేసేది. యాసలో కథలు రాయడం, అదీ కళ్ళు లేకుండా! వీళ్ళ కూతురు రేచల్ న్యూయార్క్ వెళ్ళి చిత్రకారిణి అయింది. 1914లో ఆమె వేసిన న్యూయార్క్ పోస్టుకార్డులు బాగా పేరు పొందాయి. 1919లో ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారిలో చనిపోయింది. మీలో బొమ్మల మీద ఇష్టం ఉన్నవాళ్ళకి ఇదే ఎక్కువ నచ్చే భాగం. నాకు మాత్రం మనసంతా రెండో తరం దగ్గరే ఉండిపోయింది, ఒప్పుకుంటాను.

చివరిది రోలండ్, ఎలిజబెత్. అప్పటికి డబ్బు పోయింది. కార్లలో తిరిగే యాత్రికులకు గదులు అద్దెకిచ్చి నెట్టుకొచ్చారు. 1961లో ఎలిజబెత్ చనిపోవడంతో ఇల్లు మ్యూజియం దారి పట్టింది. బయట ఒక చిన్న టూరిస్టు క్యాబిన్ కనిపిస్తుంది, దాన్ని దాటి వెళ్ళిపోకండి. ఈ ఇంటి ఆఖరి బేరం అదే.

గొర్రెల దగ్గర ఆగండి

గొర్రెలు ఇప్పుడు లేకపోయినా ఆ డబ్బంతా వాటిదే. ఇక్కడే మా మామయ్య కళ్ళు వెలిగాయి.

మెరీనో గొర్రె స్పెయిన్‌ది. మన దక్కను గొర్రె బొచ్చు గొంగడికి పనికొస్తుంది, ఒంటికి నేరుగా తగిలితే గుచ్చుకుంటుంది. మెరీనోది పట్టులా సన్నటి ఉన్ని. స్పెయిన్ దాన్ని చాలాకాలం దేశం దాటనివ్వలేదు. నెపోలియన్ యుద్ధాల్లో ఆ కట్టడి సడలింది. లిస్బన్‌లో అమెరికా కాన్సుల్‌గా ఉన్న విలియం జార్విస్ వేల సంఖ్యలో మెరీనోల్ని ఓడల్లో పంపించి, కొన్ని వందలు తనకోసం ఉంచుకుని 1811లో వెర్మాంట్‌లో పొలం పెట్టాడు. అక్కణ్ణుంచి ఊళ్ళకు ఊళ్ళు గొర్రెల మీద పడ్డాయి. తొలి రోజుల్లోనే మెరీనోలు పెట్టినవాళ్ళలో థామస్ రాబిన్సన్ ఒకడు. 1814 నాటి ఆ పెద్ద ఇల్లు ఉన్ని డబ్బుతో లేచిందే. 1840లో వెర్మాంట్‌లో గొర్రెలు 16 లక్షలకు పైగా ఉన్నాయి. మనుషులు మూడు లక్షలు కూడా లేరు!

తర్వాత దెబ్బ తగిలింది. కాలువలు, రైళ్ళు వచ్చి పశ్చిమాది చవక ఉన్ని మార్కెట్లో పడింది. దిగుమతుల మీద సుంకాలు తగ్గాయి. కొందరు ఉన్ని మానేసి మేలుజాతి పొట్టేళ్ళు అమ్ముకుని బతికారు. అవి ఆస్ట్రేలియా దాకా వెళ్ళాయి. ఒంటి మీద ముడతలు ఎక్కువుంటే చర్మం ఎక్కువ, చర్మం ఎక్కువైతే ఉన్ని ఎక్కువ అని వెర్మాంట్‌వాళ్ళు ముడతల గొర్రెల్ని పెంచారు. ఆస్ట్రేలియా ఎండల్లో ఆ ముడతల మధ్య ఈగలు గుడ్లు పెట్టి పురుగు పట్టింది. ఈ మాట చెప్పగానే మామయ్య "మరి పట్టదా!" అన్నారు, ఆయనకెవరో ముందే చెప్పినట్టు.

రాబిన్సన్లు కూడా మిగతావాళ్ళలాగే పాడి వైపు, యాపిల్ తోటల వైపు మళ్ళారు. ఈ కథ చదువుకున్నాక బయటి కొట్టాలు ఈ వరసలో చూడండి. మాంసం పొగబెట్టే గది, ధాన్యపు కొట్టు, తర్వాత వెన్న తీసే క్రీమరీ, చివర టూరిస్టు క్యాబిన్. ఒక్కో కొట్టం ఒక్కో కాలంలో ఆ ఇల్లు ఎలా బతికిందో చెబుతుంది. పెద్ద కొట్టాల్లో కొన్నిటికి ఇప్పుడు రాతి పునాదులే మిగిలాయి. వాటి చుట్టూ ఒకసారి నడిచి కొలత చూడండి, ఎన్ని పశువులు పట్టేవో తెలుస్తుంది. మామయ్య అడుగులతో కొలిచి, వేళ్ళ మీద లెక్కేసి ఒక సంఖ్య చెప్పారు. దాన్ని సరిచూసే ధైర్యం నాకు లేకపోయింది.

కాలిబాట

పొలం దాదాపు 90 ఎకరాలు. టూర్ అయ్యాక నడిచే దారులున్నాయి. చుట్టూ చెట్లు చూసి ఇది ఎప్పటి అడవో అనుకోకండి. గొర్రెల రోజుల్లో వెర్మాంట్ నేలలో ఎక్కువ భాగం చెట్లు కొట్టేసిన బీడే. ఇప్పుడు దాదాపు ముప్పాతిక వంతు మళ్ళీ అడవి. చెట్ల మధ్య రాళ్ళు పేర్చిన గోడ కనిపిస్తే అది ఒకప్పటి మేత బీడు హద్దు. మనం అక్టోబరులో ఫోటోలు తీసుకునే రంగులు చాలా వరకు ఆ గొర్రెలు ఖాళీ చేసిన నేల మీద పెరిగినవే.

ఈ నడకకు పిల్లలకు ఒక పని అప్పజెప్పండి: రాతి గోడలు ఎన్ని కనిపిస్తాయో లెక్కపెట్టమనండి. ఎగ్జిబిషన్‌లో విసుక్కున్నవాళ్ళు కూడా ఇక్కడ హుషారవుతారు. పదేళ్ళు దాటిన పిల్లలకైతే జెస్సీ బేరం గురించి మాట్లాడండి. 150 చేతిలో ఉంది, 300 అడుగుతున్నాడు, మిగతాది ఎంతకాలంలో కూడబెట్టాలి అని. మా అమ్మాయి లెక్క చేస్తూ చేస్తూ మధ్యలో ఆగి, "అసలెందుకివ్వాలమ్మా?" అంది. నేను జవాబు వెతుక్కునే లోపు మామయ్య ఆ పిల్ల చేయి పట్టుకుని తర్వాతి గోడ వైపు నడిచారు.

వెలుతురు పోకముందే తిరిగి కారు దగ్గరికి రండి. ఎక్కే ముందు ప్యాంట్లు దులుపుకోవడం మర్చిపోవద్దు. రూట్ 7 మీద బండ్లు వేగంగా వస్తుంటాయి కాబట్టి రోడ్డెక్కేటప్పుడు నిదానం. ఇంకా ఓపిక ఉండి ఉత్తరంగా వెళ్తే షెల్బర్న్ మ్యూజియం ఉంది, కానీ దానికొక రోజు పూర్తిగా కావాలి. దక్షిణంగా వెళ్తే షోరమ్, కార్న్‌వాల్ వైపు యాపిల్ తోటలు. మేం అటే వెళ్ళాం. బుట్టెడు యాపిళ్ళు కొనుక్కుని, ఆ పూటకి చెట్ల ఫోటోలు తీయకుండానే ఇంటికొచ్చాం.